ఒకటో నంబరు కోడె

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఎండలు ముదరకముందు, నన్ను పులివెందుల నుంచి జమ్మలమడుగు దగ్గరి ఒక పల్లె పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా పశువైద్యాధికారి. నా కింద ఉన్నది ఒక్కరే, అటెండరు మస్తాన్. వయసులో నాకంటే పెద్ద. పైన ప్రొద్దుటూరులో సహాయ సంచాలకులు ఉండేవారు. మా నివేదికలన్నీ ఆయనకే పోయేవి.

చేరిన నెలకే పశు ప్రదర్శన పని నా మీద పడింది. వచ్చిన ఒంగోలు జాతి కోడెల్లో ఒకదాన్ని చుట్టుపక్కల పల్లెలకు ఆబోతుగా ఎంపిక చేయాలి. ఎంపికైన దాని మేత ఖర్చు మా శాఖే చూసుకుంటుంది. మిగిలినవాటికి రైతులు విత్తులు కొట్టించి కాడికి కడతారు. విత్తులు కొట్టడమంటే కోయడం కాదు. బర్డిజో అనే పెద్ద పట్టకారుతో లోపలి నాళాలను చర్మం పైనుంచే నలిపేస్తాం. ఒకసారి నలిపితే మళ్లీ అతికేది లేదు, ఇక ఆ కోడె ఆబోతుగా పనికిరాదు.

ఎంపిక చేసే అధికారికి కోడెకొక మార్కుల కార్డు ఇస్తారు. మూపురం, ఛాతీ, నడుము, కాళ్లు, గిట్టలు, నడక, వేటికవి మార్కులు వేయాలి. కోడె బరి దాటకముందే వేయాలని నిబంధన. నేను వేయలేదు. ఎందుకు వేయలేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా తాతగారి కాలంలో మా దొడ్లో పన్నెండు జతల కాడెద్దులుండేవి. సంతలో ఒక్కసారి చూసిన దూడను మూడేళ్ల తర్వాత మందలో గుర్తుపడతాడని ఆయనకు పేరు. భూములు పోయాయి, దొడ్డి పోయింది. నాకు దక్కినవి ఒక ఇత్తడి గంటల పట్టెడ, ఆయన చూపు అని నేను నమ్మేవాణ్ణి. కార్డు చేతబట్టుకొని కోడెకోడెకూ రాసుకోవడం గుమాస్తా పనిగా తోచింది. అన్నీ చూశాక ఒకేసారి రాస్తానని మస్తాన్‌తో చెప్పాను.

పదకొండు కోడెలు వచ్చాయి. వచ్చిన వరుసనే నంబర్లు. మా వైపు ఇలాంటి వాటికి లేనివాళ్లు తెల్లవారేసరికి వచ్చి నిలబడతారు, ఉన్నవాళ్లు ఆఖరున తప్పెట్లతో వస్తారు. ఒకటో నంబరు కోడె ఓబులమ్మది. భర్త పోయాక మూడెకరాల మెట్ట ఒంటిచేత్తో చేసుకుంటున్న మనిషి. పదకొండోది మైలవరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతుది. మస్తాన్ ప్రతి కోడెనూ టేపుతో కొలిచి, ఆ కొలతల చీటీని దాని కార్డు వెనక గుండుసూదితో గుచ్చాడు.

మధ్యాహ్నం కూర్చొని కార్డులన్నీ నింపాను. పదకొండో కోడెకు మొదటి స్థానం, పదోదానికి రెండోది. ఓబులమ్మ కోడెకు ఏడోది. చేయి ఎక్కడా తడబడలేదు. కార్డులు నా దగ్గర ఉంచుకొని, జాబితా అదే రోజు ప్రొద్దుటూరుకు పంపాను.

నాలుగో రోజు ఓబులమ్మ కోడెను తోలుకొని ఆసుపత్రికి వచ్చింది.

"విత్తులు కొట్టు సారూ. ఆబోతుకు పనికిరాదంటివి. ఊరికే నిలబెట్టి మేపే శక్తి నాకు యాడుంది? కాడికి కట్టాల" అంది. తాడు మాత్రం చేతికివ్వలేదు. "కోపం చేసుకోవాకు, ఒక మాట అడుగుతా. దీంట్లో ఏం తక్కువైంది?"

మూపురం కాస్త పక్కకు వాలిందని చెప్పాను.

"అదేంది సారూ! కోడె నీ ముందరే నిలబడుకోనుంది. యాడ వాలింది? మస్తానప్పా, నువ్వన్నా చూడు!"

మస్తాన్ నేల చూశాడు. మూపురం నిటారుగా ఉంది. నేను చెప్పింది ఏ కోడె మూపురమో నాకే తెలియలేదు.

"సరే, మొన్న దీని కొమ్ములకు ఏం రంగు పూసినా, చెప్పు."

"ఎరుపు" అన్నాను. ఆ ఎరుపు నా కళ్ల ముందు స్పష్టంగా ఉంది.

"నేను రంగే పూయలే. ఎర్రకొమ్ములు ఆఖర్న వచ్చిన కోడెవి" అంది ఆమె. తర్వాత చిన్నగా నవ్వింది. "నాదే తప్పులే. తెల్లార్తోనే వచ్చి నిలబడితి. తప్పెట్లోళ్లను పిలుచుకొని ఆలీసంగా వచ్చింటే గుర్తుండేదేమో."

ఆ క్షణాన పని ఆపి ఉండవచ్చు. మళ్లీ పరీక్షించడానికి అనుమతి కోరుతూ సహాయ సంచాలకులకు ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది. ఒకసారి రాసింది తిరగరాయడం మా ఇంటా వంటా లేదు. "కట్టెయ్ మస్తాన్" అన్నాను. పట్టకారు వేశాను. ఒక్కో పక్కకు ఒక నిమిషం. ఆమె అంతసేపూ కోడె గంగడోలు నిమురుతూ నిలబడింది.

ఆమె వెళ్లాక నా దగ్గరున్న కార్డులు బయటికి తీసి వెనక్కి తిప్పాను. ఛాతీ చుట్టుకొలత, ఎత్తు, పొడవు, మూడింటిలోనూ ఒకటో నంబరుదే పైచేయి. పదకొండోది నాలుగో చోట ఉంది.

ముందే ఎందుకు చెప్పలేదని మస్తాన్ మీద విసుక్కున్నాను.

"చీటీలు కార్డులకే గుచ్చినా సార్. మీరు తిప్పి చూడలే" అన్నాడు. కార్డులు సర్దుతూ, "మొన్న మనం పోయిన పెండ్లిలో ఏం తింటిరి సార్?" అని అడిగాడు.

పెరుగన్నం, అరటిపండు, కిళ్లీ అని చెప్పాను.

"మొదట ఇస్తరాకులో ఏమేసినారు?"

గుర్తు రాలేదు.

"పాయసం సార్. శానా బాగుందని రెండుసార్లు వేయించుకుంటిరి."

ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు ప్రొద్దుటూరుకు రాశాను. వారంలో జవాబు వచ్చింది. సదరు కోడె ఇప్పుడు ఆబోతుగా పనికిరానందున జాబితాలో మార్పు సాధ్యం కాదన్నారు. నిబంధన ప్రకారం అది సరైన జవాబు.

మరుసటి ఏడు ప్రొద్దుటూరు ప్రదర్శనలో నన్ను నేను పరీక్షించుకున్నాను. కోడె ఎదురుగా ఉండగానే కార్డు నింపాను. అన్నీ పోయాక, కార్డులు మూసి, జ్ఞాపకం మీద మరో జాబితా రాశాను. రెండూ కలవలేదు. జ్ఞాపకం జాబితాలో చివరి రెండు కోడెలు పైకెక్కి కూర్చున్నాయి, నడుమ వచ్చినవి కొన్ని అసలు వచ్చినట్టే లేవు. ముందే తెలిసి, జాగ్రత్తపడి రాసినా అంతే. చూసిన కన్ను ఒకటే, చూపిన శ్రద్ధా ఒకటే. ఇలా ఎందుకవుతుందో అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా అర్థం కాలేదు. ఓబులమ్మ కోడెను తలచుకుంటే ఈనాటికీ ఆసుపత్రిలో కట్టేసి ఉన్న కోడే కనిపిస్తుంది. బరిలోకి మొదట నడిచి వచ్చిన కోడె ఎలా ఉండేదో నాకు తెలియదు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రెండు పనులు మానలేదు. కోడె బరి దాటకముందే మార్కులు వేశాను. ఆఖరి కోడె పోయాక ఒకటో నంబరును మళ్లీ పిలిపించి చూశాను. మా తాతగారి చూపు నాకు వచ్చిందో లేదో చెప్పలేను. వచ్చినా, కార్డు నింపాల్సిందే.