రోజుకు రెండున్నర మైళ్ళు

బద్వేలు చేనేత వీధిలో కంబన్నకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరైనా బదరీ యాత్రకు పోతామన్నా, పోమన్నా, అసలు ఆ ఊసే ఎత్తకపోయినా సరే, వాళ్ళను హిమాలయాల్లో రోజుకు రెండున్నర మైళ్ళ చొప్పున నడిపించి తీరేవాడు. నడక అంతా ఆయన అరుగు మీదే జరిగేది కనుక ఎవరికీ కాళ్ళు నొప్పి పుట్టలేదు. చెవులు నొప్పి పుట్టిన వాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. మంచుకొండల మాట అట్లా ఉంచండి, ఇంటి ముందు నిలబడితే కనబడే లంకమల కొండనైనా ఆయన ఎక్కిన పాపాన పోలేదు.

యాత్ర వివరాలు అందరూ కాగితం మీద రాసుకుంటారు. కంబన్న నూలు మీద రాసుకున్నాడు. హైస్కూలు డ్రాయింగు మాస్టరు చేత ఇంగ్లీషులో కార్డులు రాయించి, కొండల్లోని పోస్టాఫీసులకు పంపి, ఏ చట్టి నుంచి ఏ చట్టికి ఎంత దూరమో, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో అన్నీ రాబట్టాడు. చట్టి అంటే ఆ దారిలో యాత్రికులు బస చేసే పాక. ఆ సమాచారమంతా ఒక దారంలోకి దించాడు. జానెడు దారం ఒక మైలు. చదును నేల తెలుపు, ఎక్కుడు ఎరుపు, వంతెన నీలం, చట్టికొక ముడి. రుషీకేశం నుంచి బదరీకి నూట అరవై ఎనిమిది మైళ్ళు గనక దారం నలభై రెండు గజాలు తేలింది. ఎవరు కదిలించినా దాన్ని వీధి పొడుగునా పరిచేవాడు. పడుగులు సాగదీసి గంజి పెట్టుకునే వాళ్ళంతా పని ఆపుకుని హిమాలయాలకు దారి ఇవ్వాల్సి వచ్చేది. ఒకసారి ఒక ఎద్దులబండి రుద్రప్రయాగను తొక్కుకుంటూ పోయిందని, ఆ బండివాడితో కంబన్న నెల రోజులు మాట్లాడలేదు.

జవుళి అంగడి బొజ్జన్న ఏటేటా వచ్చి అడిగేవాడు.

"ఏమప్పా కంబన్నా, ఈ యేడన్నా పెంచినావా? దినానికి ఎంత?"

"రెండున్నర."

"మా గొడ్లు మేతకు పొయ్యేది అంతకంటే ఎక్కువ దూరం గదప్పా."

"గొడ్లు బదరీకి పోవు గదా."

"పోనీ ఐదు చెయ్యి. లోకమంతా పది మైళ్ళు నడస్తాండాది."

"లోకాన్ని నడవమను. నా ప్లానులో రెండున్నరే."

"అట్లయితే పోను అరవై ఏడు దినాలు, రాను అరవై ఏడు. మేం దిగొచ్చేసరికి మా అంగడి ఇంగెవడో నడుపుతాంటాడు."

అరుగు మీది వాళ్ళంతా నవ్వేవాళ్ళు. కంబన్న దారం చుట్టుకునేవాడు. ఆ నవ్విన వాళ్ళే చట్టీలెక్కడో, నీళ్ళెక్కడో ఆయన దగ్గరే తెలుసుకుని, రెండున్నరను మాత్రం ఆయనకే వదిలేసి, యాత్ర చేసి వచ్చేవాళ్ళు. వచ్చాక ఒక్కడూ మంచి మాట చెప్పలేదు. పైగా 'రెండున్నర కంబన్న' అని పేరు పెట్టారు. మగ్గం మీద ఎవరి చెయ్యి నిదానించినా, "కంబన్న లెక్కన నేస్తాండావా?" అనడం వీధికి అలవాటైపోయింది.

ఈ ఎగతాళి కంబన్నకు అంటేది కాదు. తగలాల్సినదంతా ఆయన చెల్లెలు సుంకమ్మకు తగిలేది. చిన్ననాటి జ్వరంలో ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. ఈడ్చుకుంటూ నడుస్తుంది. పెళ్ళయిన మూడేళ్ళకు మొగుడు నరసన్న ఆ కాలినే సాకుగా పెట్టి ఇంకొక ఆమెను తెచ్చుకున్నాడు. ఎక్కడికో పోయినా బాగుండేది, రెండు వీధుల అవతలే కాపురం పెట్టాడు. సుంకమ్మ అన్న పంచన చేరింది. ఆమెకు మిగిలిన ఆస్తి నోరొక్కటే. దాన్ని ఎక్కువగా అన్న మీదే వాడేది.

ఏడేళ్ళ కిందట నరసన్న రెండో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని బదరీ పోయి, గంగ చెంబుతో, డప్పులతో ఊరేగింపుగా వచ్చాడు. బదరీ చూసి వచ్చిన వాళ్ళ కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవడం ఆచారం. ఆ రోజు వీధి వీధంతా నరసన్న కాళ్ళు కడిగింది. సుంకమ్మ తలుపేసుకుని లోపల కూర్చుంది. పక్కింటి గంగాదేవి, పాపం ఈమెకు పుణ్యం దక్కకుండా పోతుందేమోనని, ఆ నీళ్ళు చెంబులో తెచ్చి కిటికీలోంచి ఆమె మీద చల్లింది. సుంకమ్మ ఎన్ని స్నానాలు చేసినా ఆ తడి ఆరలేదు. తన కాళ్ళతో తాను ఆ కొండ ఎక్కి దిగితే తప్ప అది ఆరదని ఆమెకు తెలుసు.

కానీ అన్న ఆమెను పంపేది రంగుబట్టీకి. అది ఊరి చివర, ఒకటింపావు మైలు దూరం. చుట్టలు చుట్టిన నూలు చిలపల మూట ఆమె నెత్తికెత్తి రోజూ పంపేవాడు. బట్టీవాడు తానే వచ్చి తీసుకుపోతానన్నా ఒప్పుకునేవాడు కాదు. ఆమె తిరిగి వచ్చేసరికి జేబుగడియారం పట్టుకుని గడపలో నిలబడి ఉండేవాడు. గడియారం చూసేవాడు, ఆమె మోకాలు చూసేవాడు, లోపలికి పోయి ఏదో గీక్కునేవాడు.

"కూలోళ్ళ మీద మేస్త్రీ నిలబడినట్ల నిలబడతాండాడు," అని సుంకమ్మ గంగాదేవితో అనేది. "పెట్టే కూటికి పని వస్తాండాదో లేదో చూసుకుంటాండాడు. సొంత అన్న."

యాభై ఆరో సంవత్సరం వేసవిలో బొజ్జన్న పన్నెండు మందితో జట్టు కట్టాడు. సుంకమ్మ సిగ్గు చంపుకుని, వీధిలో అందరి ముందు పోయి అడిగింది.

"బొజ్జన్నా, నన్నూ కలుపుకోండి. నా మూట నేనే మోసుకుంటా. ఎవురికీ బరువుగాను."

బొజ్జన్న ఆమె కాలు చూసి, తర్వాత ఆకాశం చూశాడు. "చూడమ్మా, అది కాళ్ళుండేవాళ్ళు పొయ్యే కొండ. నీకు చెంబెడు గంగ తెచ్చిస్తాంలే. ఇంట్లో కూచోనే పుణ్యం."

సుంకమ్మ అన్న వైపు తిరిగింది. కంబన్న పక్కనే కూర్చుని దారానికి ముడి వేసుకుంటున్నాడు. తల ఎత్తకుండా ఒకే ఒక్క మాట అన్నాడు.

"బొజ్జన్నా, మూడో చట్టికాడ నీళ్ళు బాగుండవు. కాంచుకోని తాగండి."

మరునాడు సుంకమ్మ మూట ఎత్తలేదు. నడింట్లో పడేసింది.

"నేను పోను బట్టీకి."

కంబన్న మొహం పాలిపోయింది. "పోకుంటే ఎట్ల మే? ఈ వారం లెక్క తప్పిపోతాది."

"ఏం లెక్క? ఏడేండ్లుగా నీ నూలు మోస్తాండా. నాకోసరం నోరు తెరిచి ఒగ మాట అడగలేకపోతివి. గడియారం పట్టుకోని నిలబడేదానికి మాత్రం పొద్దు సాలదు నీకు. యాడుండాది ఆ లెక్క? తెచ్చి చూపీ."

కంబన్న లోపలికి పోయి, తెగిన పడుగు దారాలతో కట్టిన నోటుపుస్తకాల కట్ట తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సుంకమ్మ మూడో తరగతి దాకా చదువుకుంది. మొదటి పుట మీద తారీఖు చూసింది. నరసన్న డప్పులతో వచ్చిన మరుసటి వారం. కూడబలుక్కుంటూ చదివింది. 'వాన. పోను యాభై నిమిషాలు. రాను గంటా పది. మోకాలు వాచలేదు.' 'మూట ఐదు సేర్లు. వాచింది. రేపు మూడు సేర్లే.' 'సాకు చెప్పి చెరువు కట్ట మీదుగా తిప్పినా. మూడు మైళ్ళు. రెండు దినాలు లేవలేదు. ఇంక రెండున్నర దాటరాదు.'

ఆమె పుటలు తిప్పుతూ పోయింది. అన్నీ అవే.

"ఇది నా మోకాలు గదా," అంది చివరికి.

"ఊ."

"బదరీకి పొయ్యేవాళ్ళందరినీ నా మోకాలితో నడిపిస్తాంటివా?"

"వాళ్ళకోసరం ఎవురు ఏసినారు? నీకు ఏసిన ప్లాను అది. వాళ్ళొచ్చి అడిగితే ఉండేదే చెప్తి."

"మరి ఏడేండ్లు ఏం చేస్తాంటివి?"

"మోటారు కోసరం చూస్తాంటి. రుషీకేశం కాడ నుంచి అరవై ఏడు దినాలంటే నీ కాలు తట్టుకోదు. ఏటేటా రోడ్డు ఇంతింత పైకి ఏస్తాండారు. మొన్న కార్డు వచ్చినాది. మోటారు దిగినాక ముప్పై ఎనిమిది మైళ్ళే నడక. పదహారు దినాలు. బొజ్జన్న జట్టులో నిన్ను ఏంటికి ఏస్తా, ఉరికించి సంపుతారు."

సుంకమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఏడేళ్ళు మనిషిని తప్పుగా తిట్టుకున్నామని తేలితే ఎవరికైనా మంటే.

"ముందే ఒగ మాట చెప్పింటే నీ సొమ్మేం పోయేది?"

"చెప్పింటే రోషానికి గబగబా నడిచిండేదానివి. లెక్కంతా తప్పిపోయుండేది."

అది నిజమే. నిజం కాబట్టి ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"నిన్ను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసునా?"

"తెలుసు. బట్టీ దోవలో అందరికీ ఇనపడతాది. తిట్టుకుంటా వచ్చిన దినం ఐదు నిమిషాలు ముందే వస్తావు. అది గూడా రాసినా, చూడు."

అన్నాచెల్లెళ్ళు బొజ్జన్న జట్టు ఎక్కిన రైలే ఎక్కారు. మోటారు ఆగిన చోట పన్నెండు మందీ కర్రలు తాటించుకుంటూ ముందుకు పోయారు. మొదటి మలుపులోనే కంబన్నకు ఒక సంగతి తెలిసివచ్చింది. చెల్లెలి మోకాలిని ఏడేళ్ళు కొలిచాడు కానీ, తన కాళ్ళను ఒక్కనాడూ కొలవలేదు. రెండు రోజులు రొప్పుతూ, చెల్లెలి భుజం పట్టుకుని ఎక్కాడు. "నీ లెక్క నువ్వు ఎవురి చేత ఏయిస్తివి?" అని సుంకమ్మ అడిగింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం వాళ్ళు చట్టి చేరి కూర్చున్నారు. పైనుంచి ఒక కూలీ వీపుకు పెద్ద బుట్ట కట్టుకుని దిగుతున్నాడు. నడవలేని వాళ్ళను ఆ కొండల్లో అట్లా మోస్తారు. బుట్టలో మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలి గనక, వీళ్ళను దాటిపోయిన తర్వాత గాని అందులో ఉన్న బొజ్జన్న వీళ్ళను చూడలేదు. అతని పాదాలకు మడమల దాకా గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. మిగతా జట్టు కుంటుతూ వెనక వస్తోంది.

"కంబన్నా," అన్నాడు బొజ్జన్న దూరమైపోతూనే, "ఇంగా ఈడనే ఉండారా?"

"ఎనిమిదో దినం ఈడనే ఉండాల. నువ్వే యాడ్నో ఉండావు," అన్నాడు కంబన్న.

బుట్ట మలుపు తిరిగింది. సుంకమ్మ లేచి చీర కొంగు నడుముకు దోపుకుంది. ఎదురుగా ఎర్రటి ఎండలో మంచుకొండ నిలబడి ఉంది. మోకాలు చల్లగా, తేలిగ్గా ఉంది.

"ఇంగా పొద్దుండాది. ఇంగొక మైలు పోదాం పా."

"కుదరదు. అయిపోయినాయి రెండున్నర."

"నేను నడవగలను అంటాండా గదా."

"నడవగలవని నాకు ఏడేండ్ల కిందటే తెలుసు. మిగిలింది రేపటికి పెట్టుకో."

సుంకమ్మ నడుముకు దోపుకున్న కొంగు లాగేసింది. తర్వాత అన్న పక్కనే కూలబడి, పొద్దు గుంకే దాకా ఆయన్ను తిడుతూనే ఉంది.