షాహీనా కత్తెర, నా ధైర్యం

నైపుణ్యాల పోటీకి రేపు విమానంలో ఢిల్లీ వెళ్తున్న మా కల్లూరు కేంద్రంలో కుట్టుపని నేర్చుకునే పిల్లలకు ఈ సాయంత్రం జాగ్రత్తలు చెప్పాను. కత్తెరలు చేతిసంచిలో ఉంటే లోపలికి రానివ్వరు, పెద్ద బ్యాగులో వేసి కౌంటర్లో ఇచ్చేయాలి అనగానే షాహీనా ముఖం వాడిపోయింది.

"ఇది మా అమ్మ కత్తెర సార్. ఇంకొకరిని ముట్టనీదు, నాకిచ్చింది. బస్సులో మాదిరి ఒళ్ళో పెట్టుకొని పోతా. ఆ బ్యాగు రాకుంటే నేనేం జేయాల?"

"వస్తాదిలేమ్మా, భయపడాకు."

"మీ బ్యాగు ఎప్పుడన్నా పోయిందా సార్?"

"ఎప్పుడూ పోలేదు" అన్నాను.

అబద్ధం కాదు. నేను విమానం ఎక్కితే కదా! చెప్పిందంతా ఫోన్లో చదివిందే. ఆ పిల్ల మాత్రం నా మాట నమ్మి, కత్తెరను పాత చీరముక్కలో చుట్టి పెద్ద బ్యాగులో పెట్టేసింది. ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు. విమానం ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, బ్యాగు వస్తుంది కదా?