దారంతో కొలిచిన కొండలు

మా బావ కొండ ఎక్కడు. ఎక్కలేడు కూడా. ఇంట్లో బల్బు మాడిపోతే స్టూలెక్కేది మా అక్క. ఆయన కింద నిలబడి స్టూలు పట్టుకుంటాడు, అదీ కళ్ళు గట్టిగా మూసుకుని. అలాంటి మనిషిని ఊరంతా 'కొండలాయన' అంటుంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఉద్యోగం సరస్సు ఒడ్డున, పర్యాటకులకు వివరాలు చెప్పే ఆఫీసులో. ఒక కౌంటరు, దాని వెనక తిరిగే కుర్చీ, గోడ నిండా కొండల పటం. మూలకి ఆనించిన చేతికర్ర ఒకటి. దాని కింది ఇనుప ములుకు కొన్నరోజు ఎలా మెరిసిందో ఇప్పటికీ అలాగే మెరుస్తుంది. ఒక్క రోజులో వెళ్ళి వచ్చేలా మంచి నడక ఏదైనా చెప్పండని జనం అడుగుతారు. ఈయన వెంటనే చెప్పడు. ముందు కౌంటరు మీంచి వంగి వాళ్ళ బూట్లు చూస్తాడు. "మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంటాడు. "నీళ్ళు చూడాలనా, ఎత్తు నుంచి చూడాలనా?" అంటాడు. కాసేపు కళ్ళు మూసుకుని, ఆ కొండలన్నీ తన పెరట్లో ఉన్నట్టు, "మీకైతే నాలుగో నంబరు. రెండో మలుపులో కుడివైపు చూడటం మర్చిపోకండి, అక్కడ ఆగకపోతే మీరు వచ్చినట్టే కాదు" అంటాడు. వాళ్ళు చేతులెత్తి దండం పెట్టినంత పని చేసి వెళతారు. ఆ రెండో మలుపు ఈయనకి పోస్టుకార్డు బొమ్మలో పరిచయం.

నడకలు మొత్తం పన్నెండు. వాటికి పట్టే సమయాలు లెక్కకట్టింది కూడా ఈయనే. ఎలాగంటారా? గోనెసంచులు కుట్టే దారం తడిపి పటంలో దారి వెంబడి వంపు వంపుకీ అతికిస్తాడు. తర్వాత దాన్ని తీసి స్కేలు మీద పెట్టి కిలోమీటర్లు కడతాడు. ఇంటి నుంచి ఆఫీసుకి కిలోమీటరు, తాను పన్నెండు నిమిషాల్లో నడుస్తాడు. అంతే, కిలోమీటరుకి పన్నెండు నిమిషాలు. పటంలో కొండ కూడా బల్లలాగే చదునుగా ఉంటుంది కదా మరి! ఆ లెక్కల్నే ఆఫీసువాళ్ళు మెచ్చుకుని రంగు కాగితాల మీద అచ్చు వేయించారు. ఈయన ఒక కాగితం ఫ్రేము కట్టించి ఇంట్లో భోజనాల బల్ల ఎదురుగా తగిలించాడు.

నేను ఆ సరస్సు మీద లాంచీ నడుపుతాను. దారులన్నీ మొదలయ్యేది అవతలి ఒడ్డున, అక్కణ్ణించి ఆఖరి లాంచీ అయిదింటికి. కాబట్టి ఈయన లెక్కల ఫలితం రోజూ నా కళ్ళ ముందే దిగుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని, ముఖాలు కందిపోయి, "ఆపండి, ఆపండి" అని అరుస్తూ పరిగెత్తుకొస్తారు. "మూడు గంటలన్నారు, ఆరు పట్టింది, మాకు నడక చేతకాదేమో" అని సిగ్గుపడతారు. తప్పు తమదే అనుకుంటారు పాపం. నేను ఏమీ అనను. లాంచీ తిప్పుకుంటూ లోలోపల నవ్వుకుంటాను.

మా అక్క హోటల్లో ఇస్త్రీ పని చేస్తుంది. ఇరవై రెండేళ్ళుగా కిటికీలోంచి ఆ కొండ చూస్తూ దుప్పట్లు మడత పెడుతోంది. కొండ మీద ఉన్న చిన్న సరస్సు చూడాలని ఆమె కోరిక. బాయిలరు రిపేరని హోటలు వాళ్ళు ఒక బుధవారం సెలవిచ్చారు. ముందురోజు మధ్యాహ్నం భోజనానికి నేను కూడా వాళ్ళింట్లోనే ఉన్నాను.

"ఏమండీ, ఊళ్ళో అందరికీ చెబుతారు, నాకూ ఒకటి మంచిది ఎంచి పెట్టండి" అంది అక్క.

ఆయన మొహం వెలిగిపోయింది. చెయ్యి కడుక్కుని మరీ వచ్చి ఆమె చెప్పులు చూశాడు, సొంత పెళ్ళాం చెప్పులు! "నీకు ఏడో నంబరు. పై సరస్సు చుట్టి, జలపాతం పక్కనుంచి దిగుతుంది. మూడే గంటలు. పదకొండు లాంచీకి వెళితే మూడు లాంచీకి తాపీగా వచ్చేస్తావు" అన్నాడు.

"మీరూ రండి."

"సీజను కదా, కౌంటరు వదిలి ఎలా వస్తాను?"

ఏడో నంబరుకి ఆరు గంటలు పడుతుందని నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. కానీ ఆపుకున్నాను. ఎక్కనీ, కాళ్ళు నొప్పి పుట్టనీ, ఈ మనిషి సంగతేమిటో ఒక్కసారి ఆమెకే తెలిసిరానీ అనుకున్నాను. నేను చెబితే ఏనాడూ నమ్మలేదు మరి.

బుధవారం పదకొండింటికి అక్కని నేనే దాటించాను. మూడు లాంచీకి రాలేదు. అది నేను అనుకున్నదే. అనుకోనిది పొగమంచు. మూడున్నరకల్లా కొండ సగానికి దిగి దారిని మింగేసింది. పైన ఫోను పనిచేయదు. ఇవతలి ఒడ్డుకి రాగానే బావ ఆఫీసుకి పరిగెత్తాను.

ఆయన ఎవరో కొత్త దంపతులకి తొమ్మిదో నంబరు వర్ణిస్తున్నాడు.

"అక్క రాలేదు" అన్నాను.

"ఫోటోలు తీసుకుంటూ ఉండుంటుంది."

"పైన మంచు దిగింది బావా!"

ఆయన గోడ మీది పటం వైపు చూశాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చి లాంచీ ఎక్కించాను. అవతలి ఒడ్డుకి చేరేసరికి అయిదు కావస్తోంది. ఏడో నంబరు వైపు నుంచి ఒక్కరూ రాలేదు. లాంచీ ఎక్కడానికి ముప్ఫై మంది ఉన్నారు, వాళ్ళని దాటించాలి. "నేను మళ్ళీ వస్తాను, నువ్వు పైకి వెళ్ళి కేకలెయ్యి" అని ఆయన్ని దించేశాను.

తిరిగి వచ్చేసరికి ఆరు దాటింది. కొండలాయన ఎంత ఎక్కాడనుకున్నారు? మొదటి మలుపు. రేవులోంచి రాయి విసిరితే తగిలేంత దూరం. దారి అంచున పాతిన ఇనుప కమ్మీని రెండు చేతులతో కావలించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుంది. ఛీ, అనిపించింది. పైకే అన్నాను కూడా.

"తల తిరుగుతోందిరా" అన్నాడు. వెంటనే ఏడుపు గొంతుతో, "నేను ఒక్కటి కూడా ఎక్కలేదురా. ఒక్కటంటే ఒక్కటి. సమయాలన్నీ దారం పెట్టి రాసినవే. ఆమెకేమన్నా అయితే..." అన్నాడు.

"తెలుసు. అచ్చు వేసిన రోజు నుంచీ తెలుసు. ఏడో నంబరు ఆరు గంటలని కూడా తెలుసు. నిన్న నువ్వు మూడే గంటలని చెబుతుంటే వింటూనే ఉన్నాను" అన్నాను. ఇన్నేళ్ళ కసి తీరినట్టయింది.

మలుపు పైన అడుగుల చప్పుడైంది. అక్క. మోకాలి మీద బురద, ఒక చెప్పుకి పట్టీ తెగి జేబురుమాలుతో కట్టుంది. ముందు ఆమె కాళ్ళూ చేతులూ చూసుకున్నాను, అన్నీ సవ్యంగానే ఉన్నాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆమె మాత్రం మా మాటలన్నీ వింది.

బావ దగ్గరికి వెళ్ళి కమ్మీ మీంచి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. "మీ లెక్కల మాట ఇంటికెళ్ళాక మాట్లాడతాను. లేవండి, కిందికి చూడకండి, నా భుజం చూడండి" అంది. ఆయన లేచాడు.

ఇప్పుడు నాతో 'నువ్వు చెప్పిందే నిజంరా తమ్ముడూ' అంటుంది అనుకున్నాను.

"పైన మంచులో గంటసేపు ఒక బండ పక్కన కూర్చున్నాను" అంది నా వైపు తిరిగి. "ఆయన తెలియక చెప్పాడు. నువ్వు తెలిసి, నా ఎదురుగా కూర్చుని, రెండోసారి వడ్డించుకుని తిన్నావు."

వాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు, నేను లాంచీ తిప్పాను. ఇవతలి ఒడ్డున ఎప్పటిలాగే దిగడానికి అక్కకి చెయ్యి అందించాను. ఆమె తాడు కట్టే గుంజ పట్టుకుని దిగింది.