అరాద్‌ల లేచిన టెంకాయ

ఆ రోజులల్ల నాకు మా ఊరంటే ఫోన్ల కనబడేదే. బహ్రెయిన్‌ల, గుదైబియా గల్లీల ఒక పాత బిల్డింగుల, ఆరుగురం సర్దుకునే రూముల, పై మంచం మీద పండుకొని ఊరి వీడియోలు చూసుకుంట నాలో నేనే నవ్వుకుంటుంటి. పెండ్లయి ఎక్కువ రోజులు కాలే. (మా ఊరోళ్లకు బహ్రెయిన్ అంటే ఏందో తెల్వదు, గల్ఫ్ మొత్తం దుబాయే. అత్తగారి ఊర్ల "దుబాయి అల్లుడు" అంటుంటే నా ఛాతి బెత్తెడు పెరిగేది. ఆ అల్లుడు హిద్‌ల ఎండకు ఇనుప చువ్వలు మోస్తున్నడన్న సంగతి నా భుజాలకే తెలుసు.) నా తోటోళ్లందరు ఊర్ల డాబాలు కడుతున్నరు. మా ఆమెకు డాబా వద్దట. ఊరవతల గుట్ట మీద రెండెకరాల చెలక, దాంట్ల రెండర్రల గూనపెంకల ఇల్లు అమ్మకానికొచ్చింది. కొంటే అదే కొనాలె అని పట్టువట్టి కూసున్నది.

వీడియోల చూస్తే ఏమున్నదక్కడ? రాళ్లు, రేగుకంప, నాలుగు సీతాఫలం చెట్లు. మేకలు సుత అక్కడిదాక పోయి, ఆలోచించుకొని వాపస్ వచ్చే జాగ. "ఇల్లు జూడు, పొద్దుగూకంగ ఆ గాలి జూడు" అంటది ఆమె. ఫోన్ల గాలి ఎట్ల కనబడ్తదో నాకు సమజ్ కాలే. బాయి లేదు, బోరు లేదు. నీళ్లు పడితే నేను ఇంటికొచ్చి ఎవుసం చేసుకుంట బతకొచ్చు. పడకపోతే నా ఓవర్‌టైం అంత ఆ గుట్ట మింగుతది, నేనేమో ఇంకెన్నేండ్లో హిద్‌లనే చువ్వలు మొయ్యాలె. అమ్మేటాయన శనివారం దాక ఆగుతనన్నడు.

మా దిక్కు టెంకాయ పట్టి నీళ్లు చూసే తాత ఒకాయనున్నడు. అరచేతుల కాయను పండుకోబెట్టుకొని నడుస్తడు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడ్తది. మా ఆమె ఆయనను గుట్టకు తోలుకపోయి వీడియో కాల్ చేసింది. తాత ఫోన్ల మొహం పెట్టి మొదలే అడ్డం తిరిగిండు.

"భూమి ఎవని పేరు మీద పడ్తదో వాడే కాయ పట్టాలె బిడ్డా. వేరేటోని చేతుల లేవది."

"నేను దుబాయిల ఉన్న గద తాతా!"

తాత బీడీ ఒక దమ్ము గుంజి ఆలోచించిండు. "ఉంటే ఏమాయె? భూమంత ఒక్కటే, నడుమ సముద్రం ఉన్నదంతే. నువ్వాడ కాయ పట్టుకొని నడువు. నీ పెండ్లాం ఈడ నీ అడుగుకు అడుగేస్తది."

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గయితది గానీ, ఆ మాట నాకప్పుడు సైన్సు లెక్కనే వినబడ్డది.

మా రూముల గోదారి బాబాయి అని ఉండె. కోనసీమ మనిషి, కొబ్బరితోటల నడుమ పుట్టిండు. "నీళ్ల కోసం కొబ్బరికాయని అడగడమేంట్రా అబ్బాయ్, మా ఊళ్లో కాలవనడుగుతాం" అని కడుపు పట్టుకొని నవ్విండు. నవ్వి ఊకున్నడా? కోల్డ్ స్టోర్ల (అక్కడ కిరాణా దుకాణాన్ని అట్లనే అంటరు) ఉన్న కాయలన్ని చెవి దగ్గర ఊపి, కొట్టి, పెండ్లిపిల్లను చూసినట్టు చూసి ఒకటి ఏరిండు. దుకాణం భాయ్ "యల్లా, యల్లా", జల్ది కానియ్యుండ్రి అని మొత్తుకున్నా వినలే.

శుక్రవారం ఛుట్టి. మా గల్లీల మట్టి నేల దొరకదని, అరాద్‌ల ఇండ్ల నడుమ ఒక ఖాళీ జాగకు పోయినం. మిట్టమధ్యాహ్నం. "చెప్పులిడువు" అన్నడు ఫోన్ల తాత. ఇడిసిన. ఓరి దేవుడా, పెంక మీద రొట్టెకు ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది! బాబాయి ఒక చేతుల ఫోను, ఒక చేతుల గొడుగు పట్టుకొని వెనకొస్తున్నడు. (గొడుగు ఆయన మీదనే ఉండె.) నేను కాలు కాలి ఎగిరితే, గుట్ట మీద మా ఆమె కూడ ఎగురుతున్నది. నాకు ఇసుక కుప్ప అడ్డమొస్తే ఎడమకు మళ్లిన. ఫోన్ల నుంచి ఒక్క కేక.

"నన్ను రేగుకంపల దించినవ్ గదయ్యా!"

"ఆపకుండ్రి, ఆపకుండ్రి" అంటున్నడు తాత.

ఇంకో నాలుగడుగులేసిన్నో లేదో, కాయ కదిలింది. మెల్లగ లేచి అరచేతుల నిలబడ్డది! "లేచిందీ!" అని ఒర్లిన. "ఇక్కడ నేను బండ మీద నిలబడ్డ" అన్నది మా ఆమె. ఏనుగంత నల్లబండ. దాని మీద బోరు ఎవడేస్తడు?

ఆ జాగ పక్కింటి ముంగట ఒక అరబ్బు ముసలాయన కూసొని చూస్తున్నడు. లేచొచ్చి "క్యా కర్తా భాయ్?" అన్నడు. వచ్చిన నాలుగు ముక్కలతోని, కాయ చూపించి, నేల చూపించి, "మాయ్, మాయ్" అన్న. మాయ్ అంటే వాళ్ల భాషల నీళ్లు. ఆయన పకపక నవ్వుతడనుకున్న. నవ్వలే. ఒంగి నేల మీద చెయ్యి పెట్టి "సహీ. అవ్వల్ ఇదర్ మాయ్ థా, మీఠా. అబ్ ఖలాస్" అన్నడు. ఒకప్పుడు అక్కడ తియ్యటి ఊట ఉండెనట. సముద్రం అడుగుల నుంచి సుత మంచినీళ్లు పొంగేవట.

"మా కాయ అబద్ధమాడదురా" అన్నడు బాబాయి గర్వంగ. నాకేమో ఏడుపొక్కటే తక్కువ. కాయ మంచిదే, నీళ్లు నిజమే, కానీ దేశమే తప్పాయె.

తాత ఇంకో బీడీ ముట్టిచ్చుకున్నడు. మా ఆమెకు సర్రున కోపమొచ్చింది. "నువ్వు అరాద్‌నే కొనుక్కో పో, నా ఇల్లు నేను చూసుకుంట" అని ఫోను బండ మీద ఆనిచ్చి, తాత సంచిల నుంచి కాయ గుంజుకొని నడిచింది. సీతాఫలం చెట్ల దాక పోయిందో లేదో, కాయ నిక్కి నిలబడ్డది. తాత తేటగ చెప్పిండు: "భూమి ఈ ఆడిబిడ్డ పేరు మీదనే పడాలె." ఆ రాత్రే పైసలు పంపిన. శనివారం అమ్మేటాయనకు బయానా ముట్టింది.

నీళ్లు పడ్డయి. శెలిమెల ఊరినట్టు కొన్ని కొన్ని కాదు, మంచిగనే పడ్డయి. ఇంకో రెండేండ్లు చేసి, ఖలాస్ అని వాపస్ వచ్చిన. ఇప్పుడు ఊర్ల నన్ను దుబాయి అల్లుడు అనరు, "గుట్టామె మొగడు" అంటరు. మొన్న పొద్దుగూకంగ అరుగు మీద కూసొని (ఆ గాలి ఫోన్ల ఎందుకు కనబడలేదో నాకు ఇప్పటికీ బాధే) టెంకాయ ముచ్చట తీసి తాతను మొక్కుతుంటే, మా ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"తాత ఏం చేసిండు? బొటనవేలుతోని నేనే లేపిన."

"నీళ్లు పడకపోతే ఎట్లుంటుండెనే?"

"పడకపోతే నువ్వు అక్కడనే ఉంటుంటివి, కాయ లేవకున్నా అక్కడనే ఉంటుంటివి" అన్నది, చేటల చిక్కుడుకాయలు ఏరుకుంట. "అందుకే లేపిన. ఇగ పడుడు నీళ్ల వంతు."

అరాద్‌ల అరికాళ్లు కాలుకుంట, కాయను పసిపోరన్ని ఎత్తుకున్నట్టు పట్టుకొని ఎగురుతున్న ఆ పిచ్చోడు యాదికొచ్చిండు. పాపం, వాని కష్టం ఊకెనే పోలే. ఎవలన్న వచ్చి గుట్ట మీద ఇన్ని నీళ్లెట్ల పడ్డయే అని అడిగితే, ఇప్పటికీ టెంకాయ మహిమ అనే చెప్త. ఎవల బొటనవేలో మాత్రం చెప్ప.