హర్దయాల్ భయ్యా నవ్వు ముక్క

నవ్వొస్తే నవ్వండి, నేనేం అనుకోను. ఆ పేపరు ఫొటో చూసి నవ్వనివాళ్ళు లేరు, తిట్టనివాళ్ళూ లేరు. కాకపోతే శవం పక్కన కూర్చుని పళ్ళన్నీ కనబడేలా నవ్విన ఆ మనిషి ఎవరో, ఎందుకు నవ్వాడో తెలియకుండా నవ్వితే మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది. అందుకే చెబుతున్నాను.

ఆయన పేరు హర్దయాల్ ఖరే. బొంబాయిలో హిందీ సినిమాల్లో చచ్చిపోయే వేషాలు వేసేవాడు. హీరో తండ్రి, హీరోయిన్ అన్న, నిజాయితీగల పోస్టుమాస్టరు, లంచం పట్టని హవల్దారు, ఏదైనా సరే ఇంటర్వెల్ లోపల పోవాలి. పెద్ద పేరేమీ లేదు. రోడ్డు మీద కనబడితే జనం ఆగి, "ఈయన్ని ఎక్కడో చూశామే" అనేవాళ్ళు, అంతే.

నేను డ్రెస్ మనిషిని. మా నాన్న కరీంనగర్ నుంచి వర్లీ మిల్లుకి మగ్గం పనికి వచ్చాడు, నేను అక్కడి మిల్లు కూలీల చాల్‌లోనే పుట్టాను. చదువు అబ్బలేదు, సూది అబ్బింది. ఆయనకి రక్తం మరకల చొక్కాలు సిద్ధం చేసేది నేనే. అలా కలిశాం.

"సాయిలూ, ఇవాళ గుండు ఎక్కడ తగులుతోంది?" అని అడిగేవాడు పొద్దున్నే చాయ్ తాగుతూ.

"ఎడం పక్కన, భయ్యా."

"బతికించావు. కుడి పక్కన చెమటకాయలు లేచాయి."

సినిమావాళ్ళకి ఒక ఆచారం ఉంది. చచ్చిపోయే షాట్ అయిపోయాక కెమెరా వెంటనే ఆపరు. చచ్చినవాడు లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి నవ్వాలి. నవ్వకపోతే ఆ చావు మనిషికి అంటుకుంటుందని భయం. మేం దాన్ని నవ్వు ముక్క అనేవాళ్ళం. తరవాత ఎడిటర్ దాన్ని కత్తిరించి పారేస్తాడు, హాల్లో ఎవరూ చూడరు. అయినా అది తియ్యకుండా షూటింగ్ ఆపే మొనగాడు లేడు. ఒకసారి కొత్త డైరెక్టరు ఒకాయన మరిచిపోయి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు. హర్దయాల్ భయ్యా పాడె మీంచి కదల్లేదు.

"ఏమయ్యా, లేవవా?" అన్నాడు డైరెక్టరు వెనక్కి వచ్చి.

"శవాన్ని కదా సార్. నవ్వించకుండా ఎలా లేస్తాను?"

మళ్ళీ లైట్లు వేయించి నవ్వు ముక్క తీశాకే లేచి భోజనానికి వెళ్ళాడు.

ఆయన సొంతూరు బర్వా, ఉత్తరప్రదేశ్‌లో బేత్వా నది ఒడ్డున. చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోతుంటే డబ్బు తీసుకోకుండా నది దాటించింది బద్రీ. పడవవాళ్ళ పిల్లాడు, ఈయన ఈడువాడు. చాలా ఏళ్ళకి ఆ బద్రీ బొంబాయి వచ్చాడు, మూటలో ఎండు ఇప్పపూలు వేసుకుని. వచ్చిన రెండో రోజే వసాయి దగ్గర ఏటి ఒడ్డున షూటింగ్. బడిపంతుల్ని దొంగలు కాల్చేస్తారు, ఊరు ఊరంతా ఏడవాలి. ఊరికి మనుషులు చాల్లేదు. బద్రీకి ఒక పంచె కట్టి, భుజం మీద తుండుగుడ్డ వేసి నేనే గుంపులో నిలబెట్టాను.

షాట్ మొదలైంది. భయ్యా ఇసుకలో పడ్డాడు. బద్రీ నిజంగానే ఏడ్చేశాడు, తుండుగుడ్డ ముఖాన కప్పుకుని భుజాలు అదిరేలా. డైరెక్టరు విసుక్కున్నాడు. "ఆ తుండుగుడ్డ ఎవడ్రా, ముఖం చూపించమనండి!" బద్రీకి వినబడితే కదా. సరే, షాట్ అయింది, భయ్యా లేచి కెమెరాకేసి నవ్వాడు. అప్పుడు తీశాడు బద్రీ తుండుగుడ్డ. చూశాడు. ముక్కు చీదుకుంటూనే పగలబడి నవ్వి, భయ్యా వీపు మీద ఒక్కటి చరిచాడు.

"దొంగ చచ్చినోడా! నా కన్నీళ్ళు నాకు తిరిగిచ్చెయ్!"

యూనిట్ అంతా నవ్వింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ సినిమా మాత్రం పూర్తి కాలేదు. ప్రొడ్యూసరు చేతిలో డబ్బాడక మధ్యలో ఆపేశాడు. బద్రీ ఊరెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిచాయి. వేషాలు తగ్గాయి. అప్పుడు పార్టీవాళ్ళు వచ్చారు. మీ ఊరివైపు మీ ముఖం అందరికీ తెలుసు, అసెంబ్లీకి నిలబడండి అన్నారు. ఆయనకి ఆశ పుట్టింది. "వస్తావా సాయిలూ? నాయకుడి వేషం కూడా వేషమే కదా, కుర్తాకి గంజి ఎవరు పెడతారు?" అన్నాడు. పెళ్ళాం లేనివాణ్ణి, వెళ్ళాను.

బర్వా చుట్టుపక్కల ఎక్కడికెళ్ళినా ఒకటే గోల. "భయ్యా, ఒక్కసారి చచ్చి చూపించండి!" జీపు బానెట్ మీద గుండె పట్టుకుని పడేవాడు. ఆడవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. లేచి నవ్వి దణ్ణం పెట్టేవాడు. నది అవతలి ఊళ్ళకి బద్రీ తన పడవలో తిప్పేవాడు. మధ్యాహ్నం బద్రీ పెళ్ళాం గెందాబాయి చేతి గక్కడ్లు, నిప్పుల మీద కాల్చిన పిండిముద్దలు, కాల్చిన వంకాయతో. తింటూ ఈయన, "భౌజీ, గెలిస్తే నిన్ను మంత్రిని చేస్తా" అనేవాడు. ఆవిడ, "ముందు కంచం కడుగు లాలా" అనేది. అక్కడ వదినని భౌజీ అని, మరిదిని లాలా అని పిలుస్తారు.

పోలింగు దగ్గరపడ్డాక బద్రీకి జ్వరం వచ్చింది. కొద్ది రోజుల్లోనే మనిషి పోయాడు. భయ్యా ఎక్కడో మీటింగులో ఉండి కబురు అందగానే పరుగెత్తుకొచ్చాడు. బద్రీని వాకిట్లో పడుకోబెట్టారు. ఈయన తల దగ్గర కూలబడి బద్రీ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అది యాక్టింగ్ కాదు. ఆయన యాక్టింగ్ ఏడుపు నాకు తెలుసు, దాంట్లో ముక్కు కారదు.

పార్టీవాళ్ళు ఊరుకోరు కదా, వెంట పేపరు ఫొటోగ్రాఫర్‌ని తెచ్చారు. అతను రెండు మూడు తీశాడు.

"అయిపోయింది, భయ్యా" అన్నాడు.

ఆ మాటకి ఈయన తలెత్తాడు. కెమెరాలోకి చూశాడు. నవ్వాడు.

ఇన్నేళ్ళు చావు పక్కన కెమెరా ఉందంటే, అయిపోయింది అన్నారంటే, చేసిన పని అదే. ఒళ్ళు చేసేసింది. ఫొటోగ్రాఫర్ వేలు కూడా అలాగే కదిలింది, ఇంకొకటి తీసేసింది. ఆ మరుక్షణం భయ్యా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే బద్రీ కాళ్ళ దగ్గర కూర్చున్న గెందాబాయి చూసేసింది.

మర్నాడు పేపర్లో ఆ ఫొటోనే వేశారు. ఎదుటి పార్టీవాళ్ళు గోడలనిండా అంటించారు. రిక్షాకి మైకు కట్టి, "శవం దగ్గర నవ్వినోడు, మన కష్టానికి ఏడుస్తాడా?" అని ఊరంతా తిప్పారు. ఓడిపోయాడు.

ఇంక బొంబాయి వెళ్ళిపోతాడనుకున్నారు అందరూ. నేనూ పెట్టె సర్దాను.

"ఎందుకు సర్దావు?"

"ఓడిపోయాంగా, భయ్యా."

"ఓటు పోతే పోయింది. ఆ తలుపు తెరుచుకోకుండా నేనెక్కడికి పోతాను?"

గెందాబాయి తలుపు సంగతి అది. కర్మకాండ రోజుల్లోనే మూసేసింది. ఈయన పోయి గడప ముందు నిలబడేవాడు.

"భౌజీ, ఒక్కసారి తలుపు తియ్యి."

"ఎందుకు లాలా? ఇంకెవరైనా పోయారేమో చూసి నవ్వుకుందామనా?"

"అది సినిమావాళ్ళ ఆచారం భౌజీ. చావు అంటుకోకూడదని..."

"నీకు అంటలేదుగా. సంతోషం. వెళ్ళు."

ఒకరోజు మాత్రం ఆవిడ మాటలు కొంచెం సాగాయి. తలుపు వెనకనుంచే.

"ఆయనకి స్టూడియో మెట్లెక్కాలంటే సిగ్గు. ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు లాలా, నా దగ్గర. ఊదొత్తి వెలిగిద్దామంటే ఆ పేపరు ముక్కే దిక్కు. నిన్ను చించేసి ఆయన్ని ఉంచుకుందామని చూశాను. నీ చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఎక్కడ చించను?"

ఈయన గడప మీద చతికిలబడ్డాడు.

"బతికున్న ముఖం తెచ్చివ్వు. అప్పుడు తీస్తాను తలుపు."

దారిలో ఘాట్ మెట్ల మీద ఠక్కున ఆగిపోయాడు.

"సాయిలూ, వసాయిలో బద్రీ తుండుగుడ్డ తీసింది ఎప్పుడు?"

"మీరు లేచి నవ్వాక."

"కెమెరా?"

"తిరుగుతూనే ఉంది, భయ్యా."

"ఆ సినిమా ఎడిటింగ్‌కి వెళ్ళిందా?"

వెళ్ళలేదు. పూర్తయిన సినిమా అయితే నవ్వు ముక్క ఎప్పుడో చెత్తబుట్టలో పడేది. ఆగిపోయిన సినిమా కాబట్టి తీసిన నెగటివ్ తీసినట్టే ఎక్కడో ఉండాలి. మెట్ల మీద నిలబడి నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాడు.

వెతకడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆ ల్యాబ్ మూతపడింది. మధ్యలో మళ్ళీ ఎన్నికలు వచ్చాయి. ఆ ఏళ్ళన్నీ ఈయన ఊళ్ళోనే ఉన్నాడు, ఎవరికి ఆసుపత్రి అన్నా, రేషన్ కార్డు అన్నా వెంటపడి తిరిగాడు. జనం కొంత మరిచిపోయారు, కొంత పోనీలే అనుకున్నారు. ఈసారి స్వల్ప ఓట్ల తేడాతో గెలిచాడు. దండలతోనే గెందాబాయి గడప దగ్గరికి వెళ్ళాడు.

"నాకు వేశావా, భౌజీ?"

"వేశాను. ఓటు వేరు, తలుపు వేరు."

లక్నోలో అసెంబ్లీ లేని రోజుల్లో మేం బొంబాయి రైలెక్కేవాళ్ళం. మూతపడ్డ ల్యాబ్ సరుకంతా భీవండీలో ఒక గోడౌన్‌లో పడేశారని తెలిసింది. డబ్బా ఇవ్వాలంటే ప్రొడ్యూసరు సంతకం కావాలి. ఆయన పోయాడు, కొడుకు ఉన్నాడు. ఆ కుర్రాడికి పెళ్ళిళ్ళ హాలు ఉంది.

"సంతకం ఎంతసేపు అంకుల్! మా కొత్త ఏసీ హాలు ఓపెనింగ్‌కి వచ్చి, స్టేజీ మీద ఒక్కసారి చచ్చి చూపిస్తారా? మా మమ్మీకి మీరంటే ప్రాణం."

ఎమ్మెల్యే అయినవాడు పెళ్ళిళ్ళ హాల్లో గుండె పట్టుకుని పడ్డాడు. లేచి నవ్వాడు. సంతకం తెచ్చుకున్నాడు.

డబ్బా దొరికింది. తుప్పు పట్టి, మూత తియ్యగానే పుల్లటి సిర్కా వాసన, వెనిగర్ సీసా తీసినట్టు. లోపల రీలంతా ఒకదానికొకటి అంటుకుపోయి బెల్లం దిమ్మలా ఉంది. పరేల్‌లో పాటిల్ కాకా అని పాత ల్యాబ్ మనిషి ఉన్నాడు, ఇప్పుడు ఇంట్లోనే ఆ పనులు చేస్తాడు. ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాం.

"ఎప్పటికవుతుంది, కాకా?"

"ఓట్లడిగినట్టు తొందరపెట్టకు నేతాజీ. ఇది మెత్తబడాలి, పొర పొరా ఊడాలి. లాగితే తెగి చేతికొస్తుంది. దసరా అయ్యాక రా."

ఊరికి రాగానే స్నానం కూడా చెయ్యకుండా గెందాబాయి వాకిట్లోకి వెళ్ళాడు.

"దొరికింది భౌజీ! దసరా అయ్యాక నేనే వెళ్ళి ఫొటో చేయించి తెస్తాను."

లోపల అడుగులు తలుపు దాకా వచ్చాయి.

"అందులో నవ్వుతున్నాడా?"

"నన్ను తిడుతూ నవ్వుతున్నాడు."

లోపలి గొలుసు కదిలినట్టు చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు. అయినా ఆ రోజు భయ్యా నేను కాల్చిన గక్కడ్లు రెండు ఎక్కువ తిన్నాడు.

దసరా ఇంకా రాలేదు. ఒక పల్లెలో బడి గదికి శంకుస్థాపన. మైకు ముందు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎడం చెయ్యి గుండె మీద వేసుకున్నాడు, అలాగే పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. "భలే, భయ్యా! ఇంక లేచి నవ్వండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నేను కూడా ఆగాను, లేస్తాడని. ఎన్నిసార్లు చూడలేదు. తరవాత చూస్తే కుర్తా మీద పక్కనున్నవాళ్ళెవరో చెప్పుతో తొక్కిన మరక ఉంది. గంజి పెట్టిన కుర్తా నలిగితేనే ఒప్పుకోని మనిషి, మరకపడ్డా కదల్లేదు. అప్పుడు పరుగెత్తాను.

బర్వా ఘాట్ దగ్గరే చితి. లక్నో నుంచి పెద్దవాళ్ళు వచ్చారు, ఫొటోగ్రాఫర్లు వచ్చారు. గెందాబాయి కూడా వచ్చింది, తలుపు తీసుకుని. ఆవిడని చూసి ఫొటోగ్రాఫర్లు కెమెరాలు దించారు, పాత సంగతి తెలిసినవాళ్ళే కాబట్టి.

"తీసుకోండి, తీసుకోండి. లాలా ఫొటోలకి ఏం తక్కువ" అంది.

ఆయన ముఖంలోకి కాసేపు చూసింది. చూసి నా వైపు తిరిగింది.

"నా పని మీద నిజంగానే తిరిగాడా?"

"చివరిదాకా తిరిగాడు."

"మరి ఇప్పుడు అదెవరు తెస్తారు?"

దసరా అయ్యాక పరేల్ వెళ్ళాను. పాటిల్ కాకా కొంత ఊడదీశాడు. ఊడిన ముక్కని లైటు ముందు పట్టి చూపించాడు. ఇసుకలోంచి హర్దయాల్ భయ్యా లేస్తున్నాడు, నవ్వుతున్నాడు. ఆయన వెనక తుండుగుడ్డ ముఖాన కప్పుకున్న మనిషి ఒకడు, చెయ్యి తుండుగుడ్డ కొస మీద. దాని తరవాతి ముక్క ఇంకా అంటుకునే ఉంది.