పక్క సీట్లో కూర్చుని వినమన్నాయన

ఈ ఉదయం బోయిన్‌పల్లి మార్కెట్ దారిలో సిగ్నల్ పడింది. పక్కన ఆగిన కారు డిక్కీ మూత గడగడ వణుకుతోంది. నా కారు కిటికీ అద్దం మీద ఆనించిన అరచేతికి ఆ అదురు తెలుస్తోంది కానీ, లోపల మోగే పాట ఏమిటో తెలియలేదు. పాటకు బలమిచ్చే ఆంప్లిఫయర్ గెయిన్ మరను ఆ కారతను చివరిదాకా తిప్పేసి ఉంటాడు అనుకున్నాను. వెంటనే సామ్యూల్ గారు గుర్తొచ్చారు. ఆయనే ఉంటే అద్దం దించి, "నాయనా, జెర పక్కకు ఆపు" అని స్క్రూడ్రైవర్‌తో దిగేవారు. మొహమాటం ఆయన ఒంట్లో లేదు.

రాంగోపాల్‌పేట్ సందులో ఆయనది కార్లకు స్పీకర్లు, ఆంప్లిఫయర్లు బిగించే చిన్న దుకాణం. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఉన్న ఉద్యోగం పోగొట్టుకుని, ముప్ఫయ్యో ఏట అక్కడ చేరాను. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఇంటిల్లిపాదికీ గొంతు పెద్దది, నాకు కోపం కూడా పెద్దదే. ఆంప్లిఫయర్లలో క్లాస్ ఏబీ, క్లాస్ డీ రకాలంటూ నేను చదువుకున్నది ఒలకబోస్తుంటే ఆయన పట్టించుకునేవారు కాదు. రెండు ఆంప్లిఫయర్లు బల్ల మీద పెట్టి కాసేపు మోగించి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. ఒకటి చురుక్కుమంది. రెండోది గోరువెచ్చగా ఉంది.

"వేడిది ఏబీ. బాగ పాడ్తది గని కరెంటు మస్తు తాగుతది. సల్లగున్నది డీ. తక్కువ కరెంటుతోని ఎక్కువ బలం. నాలుగు ఛానళ్లది తలుపుల స్పీకర్లకు, ఒక్క ఛానల్ మోనో, దడదడమనే బేస్ పెట్టెకు. ఏది మంచిదని అడగకు, ఎవలికని అడుగు."

నేను తల ఊపాను. తల ఊపడానికి పోయేదేముంది.

రైలింజన్లు నడిపి రిటైరైన నర్సింగ్ రావు గారు ఒక రోజు వచ్చారు. పాటల్లో మాటలు వినపడటం లేదని, వాల్యూమ్ పెంచితే భార్య సుశీలమ్మ గారికి తలనొప్పి వస్తోందని చెప్పారు. "ఆమె బండెక్కుడే తగ్గించింది బిడ్డా. నాకు మాట మంచిగ వినవడాలె." సామ్యూల్ గారు ఆ రోజు ఊళ్లో లేరు. నేను ఇంకో ప్రశ్న వేయలేదు. వినపడకపోతే బలం కావాలి, బలమంటే క్లాస్ డీ మోనో. దుకాణంలో ఉన్నవాటిలో పెద్దది తీసి, దానికి తగ్గ బేస్ పెట్టె బిగించి, గెయిన్ మొత్తం తిప్పి, గొప్పగా పంపించాను.

వారానికి ఆయన తిరిగొచ్చారు. "గుండెల గుద్దినట్టే ఉన్నది గని ఒక్క మాట సమజయితలేదు. ఆమె ఇప్పుడు గుడికి సుత ఆటోల వోతున్నది," అన్నారు. కోప్పడి ఉంటే నేనూ ఎదురు మాట్లాడేదాన్ని. కోప్పడలేదు.

సామ్యూల్ గారు కారులో కూర్చుని ఒక పాట విన్నారు. "ఇంజన్ చప్పుడుకు ఆయన చెవుల సన్న స్వరాలు వోయినయ్. మాటలు తెలిసేది వాటితోనే. బేస్ ఆయనకు ముందే వినవడతది. ఉన్నదాన్నే పెంచినవ్ నువ్వు," అన్నారు నాతో. "పోయి సుశీలమ్మను తోలుకరా."

"ఫోన్ చేస్తాను సార్."

"ఫోన్ల గాదు. పోయి, తప్పు ఎవలిదో చెప్పి తోలుకరా."

సుశీలమ్మ గారు తలుపు సగమే తీశారు. "ఆ బండి నేనెక్కనమ్మా. జెర తగ్గించుమని అన్నందుకు గంత పెద్ద డబ్బా పెట్టించిండు. నన్ను సాధిస్తందుకే."

ఇది నేను ఊహించలేదు. నా తెలివితక్కువ పని ఆ ఇంట్లో పగగా మారి కూర్చుంది. "ఆయన అడిగింది మాటలు వినపడాలని మాత్రమేనండీ. ఆ డబ్బా పెట్టింది నేను. తప్పు నాది," అన్నాను. అంతవరకు ఎవరికీ ఆ మాట చెప్పి ఎరుగను. ఆవిడ తలుపు పూర్తిగా తీసి, చెప్పులు వేసుకున్నారు.

సామ్యూల్ గారు మోనోనూ పెట్టెనూ తీసేసి, నాలుగు ఛానళ్ల చిన్న ఏబీ పెట్టారు. కింది స్వరాలు బాగా తగ్గించి, చిన్న స్పీకర్లను నర్సింగ్ రావు గారి చెవి ఎత్తుకు తెచ్చి బిగించారు. గెయిన్ తిప్పేముందు నన్ను డ్రైవర్ పక్క సీట్లో కూర్చోమన్నారు. "ఆమె కూసునే జాగ ఇది. నీకు తక్లీఫ్ షురూ కాంగనే చెప్పు, ఆడ ఆపుత." చెప్పాను. ఆపి, కొంచెం వెనక్కి తిప్పారు.

తర్వాత భార్యాభర్తలు కూర్చున్నారు. పాట సగంలో నర్సింగ్ రావు గారి పెదాలు కదిలాయి, మాటతో మాట కలుపుతూ. ఎవరూ అడగకుండానే ఆయన వాల్యూమ్ ఇంకాస్త తగ్గించారు. సుశీలమ్మ గారు ఆయన వైపు చూడలేదు. "పా, ఇంటికి పోంగ కూరగాయలు గొనాలె," అని తన వైపు డోర్ వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

సామ్యూల్ గారు చనిపోయేదాకా ఆ తప్పును మళ్లీ ఎత్తలేదు. ఆయనంటే నాకు ఎంత ప్రేమో నేనూ ఆయనతో చెప్పలేదు. ఇప్పుడు నాకు సొంత దుకాణం ఉంది. ఎవరైనా పొరపాటు చేస్తే నా గొంతు లేస్తుంది, పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది. మొన్న నా దగ్గర వైరింగ్ పని చేసే సరిత తీగ తప్పు కలిపిందని అరుస్తూ, అరుస్తూ ఆమె మొహం చూశాను. నా కేక అందుతోంది తప్ప ఒక్క మాటా అందడం లేదు. ఆగిపోయాను. స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుని, మళ్లీ మొదటి నుంచి, మెల్లగా చెప్పాను.

"ఇప్పుడు సమజయింది మేడమ్," అంది.