నైటు షిఫ్టు గొంతుతో నడిచిన నా ఛానల్

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరు ఎంత గొంతుతో మాట్లాడాలన్నది వంటింటి గోడకి అంటించిన ఒక కాగితం తేల్చేది. నాన్న ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపేవారు, ఆ కాగితం ఆయన షిఫ్టుల చార్టు. ఫస్టు షిఫ్టు వారం మేము మామూలు మనుషులం. సెకండు షిఫ్టు వారం పొద్దున్న పూట కొంచెం నెమ్మది. నైటు షిఫ్టు వారం మాత్రం ఆయన తెల్లారాక వచ్చి, ఇంత తిని, మధ్యాహ్నం దాకా పడుకునేవారు కాబట్టి ఇల్లంతా గుసగుసల్లోకి దిగిపోయేది. కుక్కరు కూత వెయ్యకూడదని అమ్మ గిన్నెలో అన్నం వండేది. స్టీలు పళ్ళెం గచ్చు మీద పెట్టాలంటే ముందు గుడ్డ పరిచేది. (మేముండే ఖుర్సీపార్‌లో, మా వీధిలో సగం ఇళ్ళు ఇలాంటివే. కూరగాయల బండివాడు కూడా కొన్ని గుమ్మాల ముందు కేక మానేసి గేటు మీద వేలితో తట్టేవాడు.) "పైన క్రేనులో మీ నాన్నకి కునుకొచ్చిందంటే కిందున్నోళ్ళ పని అయిపోతాది" అన్నది అమ్మ నాకు చిన్నప్పుడు చెప్పిన ఒకే ఒక్క దెయ్యం కథ.

అలాంటి ఇంట్లో పిల్లలు చప్పుడు చెయ్యకుండా ఆడుకోగలిగే ఆట వీడియో గేమొక్కటే. నాకు ఏడేళ్ళప్పుడు నాన్న దుర్గ్ బజారు నుంచి టీవీకి తగిలించే గేము పెట్టె తెచ్చారు. ముద్దుకొద్దీ తెచ్చారని చాలా ఏళ్ళు మురిసిపోయాను. సౌండు పూర్తిగా తగ్గించేసినా ఆట నడుస్తుందని దుకాణంవాడు హామీ ఇచ్చాకే కొన్నారని తరవాత తెలిసింది. ఏమైతేనేం, డిగ్రీ అయ్యి, ఉద్యోగం రాక, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పుకుంటున్న నా ఇరవై రెండో ఏటికి నేను పదిహేనేళ్ళ అనుభవమున్న ఆటగత్తెని. ఇంత విద్య నలుగురికీ చూపించకపోతే ఎలాగని ఇంట్లో చెప్పకుండా ఒక ఛానల్ మొదలుపెట్టాను. రోజూ పొద్దున్న పదకొండు గంటలకి లైవు. మిగతావాళ్ళు తుపాకులు పేలుస్తూ అరుస్తుంటే నేను ఒక లారీలో సరుకు వేసుకుని కొండదారుల్లో తోలుకుంటూ, హిందీలో ఆ మాటా ఈ మాటా చెబుతూ పోయేదాన్ని. నా మొహం చూపించలేదు, తెర మాత్రమే కనిపించేది. మొదలుపెట్టిన వారం నాన్నది నైటు షిఫ్టు. కాబట్టి గుసగుసగానే మాట్లాడాను.

అదే నన్ను నిలబెట్టింది. బేరాలు లేని వేళ కొట్లో కూర్చున్న వ్యాపారి ఒకడు, జాముల్‌లో సిమెంటు పనికి వెళ్ళి చెట్టు కింద డబ్బా విప్పుకునే ఒకాయన, క్లాసు ఎగ్గొట్టిన కుర్రాళ్ళు కొందరు, మొత్తం ఒక నలభై మంది పోగయ్యారు. నాకు ధీమే భయ్యా అని పేరు పెట్టారు, మెల్లగా మాట్లాడే అన్నయ్య అని. గుసగుసలో ఆడా మగా తేడా తెలియదని నాకప్పుడే తెలిసింది. (నేను అబద్ధమాడలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదంతే.) తరవాత నాన్నకి ఫస్టు షిఫ్టు పడింది. అమ్మ ఆ వేళకి కూరలకి బజారుకెళ్ళేది, ఇల్లు ఖాళీ. హాయిగా గొంతు విప్పి "అందరికీ నమస్కారం" అన్నాను. తెర మీద మొదటి ప్రశ్న, భయ్యా ఏరీ అని. రెండోది, దీదీ, మీరెవరు అని. పావుగంటలో సగం మంది జారుకున్నారు. మర్నాడు తలుపులు వేసుకుని, ఖాళీ ఇంట్లో, మళ్ళీ గుసగుసలు మొదలుపెట్టాను.

మూడో రోజు అమ్మ కూరలు తీసుకుని తొందరగా వచ్చేసింది. నేను లైవు ముగిస్తూ, కొట్టు వ్యాపారిని ఉద్దేశించి, "నిన్న రాలేదేం? ఎదురు చూశాను. రేపూ ఇదే వేళకి వస్తాను, తప్పకుండా రా" అంటున్నాను. తలుపు తోసుకుని వచ్చిన అమ్మ నా చెవులకున్న హెడ్‌ఫోను వైపు చూసింది, గోడ మీది చార్టు వైపు చూసింది.

"మీ నాన్న డూటీకెళ్ళిపోయాడు కదే. ఇంట్లో పడుకున్నోడు లేడు. మరి ఎవులికి ఇనిపించకూడదని ఈ గుసగుసలు?" అంది.

షిఫ్టు ఇంటి న్యాయం అది. నైటు వారంలో గుసగుసలాడే పిల్ల బుద్ధిమంతురాలు. ఫస్టు షిఫ్టు వారంలో గుసగుసలాడే పిల్లకి దాచుకోవలసిందేదో ఉంది. నేను చెప్పబోయిందేదీ అమ్మ వినలేదు. మధ్యాహ్నానికల్లా కుమ్హారి నుంచి మేనత్త దిగింది. ఆవిడ నాన్నకి అక్క, మా ఇంటి పెద్ద తీర్పులన్నీ ఆవిడవే. నాన్న డ్యూటీ నుంచి వచ్చి చెమట బట్టలతోనే కుర్చీలో కూలబడేసరికి ఆవిడ తీర్పు సిద్ధంగా ఉంది. "పిల్లని ఇజీనారం పంపించెయ్‌రా తమ్ముడా. దాని పెద్దమ్మ సంబంధాలు సూస్తాది. ఆ కంప్యూటర్ ఎవులికన్నా ఇచ్చెయ్, బస్, అంతే." ఇజీనారమంటే మా సొంతూరు విజయనగరం, అక్కడికి వెళ్తే నా లైవు ఆగిపోతుంది. ఉద్యోగం లేని నాకు రోజు మొత్తంలో నాదనిపించే గంట అదొక్కటే.

నాన్న తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి. ఎర్రబడిన కళ్ళు రుద్దుకుంటూ, "ఎవడమ్మా ఆడు?" అన్నారు.

"ఒకడు కాదు నాన్నా. నలభై మంది ఉంటారు" అన్నాను.

నైటు షిఫ్టు వారంలో కూడా అంత నిశ్శబ్దం నేనెరగను. అమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుంది. నేను గబగబా కంప్యూటరు వేసి ముందురోజు రికార్డింగు పెట్టాను. వాన పడుతోంది, ఘాటు రోడ్డు మీద నా లారీ మూలుగుతూ ఎక్కుతోంది, నా గొంతు గుసగుసగా, తొందరేం లేదు, వెనకవాళ్ళని పోనిద్దాం, మనం నెమ్మదిగా ఎక్కుదాం అంటోంది.

"ఇందులో ఆ కుర్రోడెక్కడున్నాడే?" అంది అత్త.

"కుర్రోడంటే నేనే అత్తా. వాళ్ళందరూ అలాగనుకుంటన్నారు."

అత్త దీని మీద ఏదో గట్టిగా అనబోయి నోరు తెరిచింది. అమ్మ చటుక్కున వేలెత్తి పెదవుల మీద పెట్టుకుంది. నాన్న గడ్డం గుండెల మీద వాలిపోయి ఉంది. లారీ మూడో మలుపు తిరిగిందో లేదో, ఆయన నిద్రపోయారు.

ఇక మా ఇంటి పద్ధతి ఎవరూ తప్పడానికి లేదు. విచారణ గుసగుసల్లో సాగింది. గుసగుసల్లో ఎవరినీ కోప్పడలేమని ఆ రోజు అత్తకి తెలిసొచ్చింది. "ఇజీనారం పంపించెయ్" అని ఆవిడ మెల్లగా అంటే పండక్కి రమ్మని పిలిచినట్టుంది. రెండుసార్లు ప్రయత్నించి, విసుగెత్తి, చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద నడుస్తూ కుమ్హారి వెళ్ళిపోయింది. అయిదింటికి నాన్న లేచి టీ అడిగారు. "లారీ పైకెక్కిందా?" అన్నారు. ఎక్కిందన్నాను. "మలుపుల కాడ బ్రేకు ఎక్కువ తొక్కుతున్నావు" అన్నారు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

గండం గడిచినందుకు నేను సంతోషించాలి కదా. లేదు, బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పదిహేనేళ్ళ విద్య, కన్నతండ్రికి మొదటిసారి చూపిస్తే, మూడో మలుపు దాటేదాకా కూడా మేలుకోలేకపోయారని. ఎనిమిది నెలల తరవాత ఉద్యోగం వచ్చి ఛానల్ ఆపేసినప్పుడు నలభై మందీ ధీమే భయ్యాకి అభినందనలు చెప్పారు. అవి కూడా ఆ అవమానాన్ని మాన్పలేదు.

ఇప్పుడు రాయపూర్‌లో ఒక ఆసుపత్రి కౌంటరులో నాకే రాత్రి డ్యూటీలు. పొద్దున్నే గదికొచ్చి కర్టెన్లు లాగి పడుకుంటాను. పై ఇంట్లో గ్రైండరు, పక్కింట్లో గోడకి మేకులు. అవి ఆగినా నిద్ర రాదు. పగటి నిద్ర చప్పుడు లేనంత మాత్రాన వచ్చేది కాదని ఇన్నాళ్ళకి తెలిసింది. పాతికేళ్ళపాటు నాన్న ఇంట్లో పగలు పడుకున్నారే గాని, నిద్రపోయారో లేదో మేమెవరమూ అడగలేదు. చప్పుడు చెయ్యకుండా ఉన్నాం, అంతే. ఆయన నిజంగా నిద్రపోవడం నేను కళ్ళారా చూసింది నా లారీ కొండెక్కుతున్న ఆ మధ్యాహ్నమొక్కటే.

బాత్రూములో ఏడుస్తున్న ఆ పిల్లని పిలిచి, నీ నలభై మందిలో ఎవరికీ ఇంత మేలు చెయ్యలేదే నువ్వు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా అది వినదని నాకు తెలుసు. మూడో మలుపు దగ్గరే ఆగిపోయారు కదా అంటుంది, మూతి ముడుచుకుని.